చెట్లపై పెరిగే మొక్కల తొలి గండాలు: విత్తన భక్షకులు, నీటి ఎద్దడి

నేలలో వేరు పెట్టకుండా మరో చెట్టు కాండం మీదో కొమ్మ మీదో బతికే మొక్కలను వృక్షోపజీవులు అంటారు. ఇవి ఆసరా చెట్టు నుంచి తిండి లాగవు. వానను, మంచును, గాలి మోసుకొచ్చే దుమ్మును, కొమ్మల సందుల్లో కుళ్లే ఆకును నమ్ముకుని బతుకుతాయి. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే బదనిక పరాన్నజీవి కాబట్టి ఈ కోవలోకి రాదు. మర్రి, రావి, జువ్వి తరచూ చెట్టు మీద మొలిచి ఆ తర్వాత నేలకు వేళ్లు దించుతాయి కనుక వాటిని అర్ధవృక్షోపజీవులు అంటారు. 2021లో వెలువడిన ప్రపంచ జాబితాలో 31,000కు పైగా వృక్షోపజీవి జాతులున్నాయి. భూమ్మీది నాళికా మొక్కల్లో ఇది దాదాపు పదో వంతు. అందులో మూడింట రెండొంతులు ఆర్కిడ్లే.

జాతులు ఇన్ని ఉన్నా, అడవిలో తలెత్తి చూస్తే ఖాళీ కొమ్మలే ఎక్కువ కనిపిస్తాయి. పెద్ద మర్రి ఒక్క కాపులో లక్షల విత్తనాలు ఇస్తుంది. పిట్టలు వాటిని ఊరంతా చల్లుతాయి. అయినా చుట్టుపక్కల చెట్ల మీద నిలిచే మర్రి మొక్కలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొలకెత్తే లోపు విత్తనాన్ని తినేసేవాళ్లు కొందరైతే, మొలకెత్తాక మాడ్చేసేది ఎండ. ఈ రెండింటినీ విడివిడి కారణాలుగా చూడటం పుస్తకాల్లో అలవాటు. నిజానికి అవి పెనవేసుకుని పనిచేస్తాయి. బెరడు ఎండి ఉంటే విత్తనం మొలవక అలాగే పడి ఉంటుంది. పడి ఉన్నకొద్దీ చీమల కంట పడుతుంది. చెమ్మ నిలిచే తొర్రలో పడితే మొలిచే అవకాశం బాగుంటుంది గానీ, ఆ తొర్రలోనే చీమలూ కాపురం పెడతాయి.

కాయలోనే మొదలయ్యే నష్టం

మేడిపండు లోపల పురుగులుంటాయని తెలుగు పిల్లలకు బడి మెట్లెక్కక ముందే తెలుసు. ఆ పురుగుల్లో అన్నీ శత్రువులు కావన్నది మాత్రం చాలామంది పెద్దలకు కూడా తెలియదు. మేడి, మర్రి, రావి కాయ నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కొసన పొలుసులు కప్పిన సన్నని కన్నం ఉంటుంది. ఆవగింజ కంటే చిన్న ఆడ కందిరీగ ఆ కన్నంలోంచి ఒత్తుకుంటూ దూరేసరికి దాని రెక్కలు, మీసాల కొసలు ఊడిపోతాయి. లోపల అది తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకు అంటిస్తూ, కొన్ని పూల అండాశయాల్లో గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం వదులుతుంది. గుడ్డు పడిన పువ్వు గింజ కట్టదు. బుడిపెలా ఉబ్బిన ఆ పువ్వును పిల్లపురుగు లోపలి నుంచి తిని పెరుగుతుంది. మర్రికి యుప్రిస్టినా మసోని, రావికి ప్లాటిస్కాపా క్వాడ్రాటిసెప్స్ అనే కందిరీగలు ఈ పని చేస్తాయి. అంటే తొలి విత్తన భక్షకి పరాగసంపర్కం చేసిపెట్టే కందిరీగ సంతానమే. చెట్టు తన గింజల్లో కొంత భాగాన్ని కూలి కింద ముట్టజెప్పి మిగిలినవి దక్కించుకుంటుందన్నమాట.

కూలికి రాని దొంగలు వేరే ఉన్నాయి. పొడవాటి ముల్లుతో కాయను బయటి నుంచే గుచ్చి గుడ్లు పెట్టే కందిరీగలు పుప్పొడి మోయవు, గింజల్ని మాత్రం తగ్గిస్తాయి. కాయ పండి రాలాక గింజల్ని గుచ్చి సారం పీల్చే నల్లుల జాతులు పోగవుతాయి. మర్రి జాతి గింజలకు ఈ నల్లులు ఎంత చేటో చెబుతూ అమెరికా కీటక శాస్త్రవేత్త జేమ్స్ స్లేటర్ 1972లో రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ విషయంలో మొదట చూడదగ్గది.

పిట్టలన్నీ విత్తనాలు మోసేవే అనుకోవడం కూడా పొరపాటే. మర్రిపండ్లకు గుంపులుగా వచ్చే పచ్చ పావురాలకు బలమైన కండర జఠరం ఉంటుంది. అవి మింగిన గింజల్లో చాలావరకు అందులోనే పిండైపోతాయి. వాటి దగ్గరి చుట్టాలైన పెద్ద ఇంపీరియల్ పావురాల పొట్టలోంచి గింజలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. ఒకే చెట్టు మీద పక్కపక్కన కూర్చుని తింటున్న రెండు పావురాల్లో ఒకటి విత్తనాల్ని చంపుతుందని, రెండోది నాటుతుందని ఫ్రాంక్ లాంబర్ట్ 1980లలో మలేసియా అడవుల్లో గమనించాడు. చిలుకలు గింజల్ని ముక్కుతోనే నలిపేస్తాయి. గోరింకలు, కంసాలి పిట్టలు, పిగిలి పిట్టలు, గబ్బిలాలు మన ప్రాంతంలో నమ్మకమైన మోతగాళ్లు.

కొమ్మ మీద చీమ

విత్తనం రెట్టతో పాటు కొమ్మ మీద పడ్డాక ఏమవుతుందన్నది చాలాకాలం ఊహల్లోనే ఉండిపోయింది. అడుగున నిలబడి 40 మీటర్ల ఎత్తున ఒక నలుసుకు ఏం జరుగుతుందో చూడలేం కదా. 1990ల తొలినాళ్లలో టిమ్ లామన్ ఇండోనేసియాలోని పశ్చిమ కాలిమంతాన్‌లో, గునుంగ్ పలుంగ్ జాతీయ పార్కులో, తాళ్ల సాయంతో పెద్ద చెట్లెక్కి ఈ పని చేశాడు. ఇప్పుడు అతన్ని ప్రపంచం ఒరాంగుటాన్‌ల, స్వర్గపక్షుల ఫొటోగ్రాఫర్‌గా ఎరుగును. అప్పుడతను ఫైకస్ స్టుపెండా అనే, ఆసరా చెట్టును వేళ్లతో చుట్టి బిగించే మర్రి జాతి మీద పరిశోధిస్తున్నాడు. ఆ చెట్టు గింజల్ని రకరకాల చోట్ల నాటాడు: ఉత్త బెరడు మీద, నాచు మీద, కొమ్మల పంగల్లో, తొర్రల్లో. చాలా చోట్ల ఏమీ మిగల్లేదు. ఫీడోల్ అనే పెద్దతల చీమలు పైకొమ్మల దాకా పాకి గింజల్ని ఏరుకుపోయాయి. విత్తనాలు పోగేసే చీమలంటే నేలమీది గడ్డిమైదానాల వ్యవహారమని అంతవరకు ఉన్న భావన దీంతో సడలింది. మిగిలిన గింజల్లో మొలిచినవి కొన్నే, మొలిచి బలంగా ఎదిగినవి ఇంకా కొన్నే. ఎదిగినవి దాదాపుగా కుళ్లిన ఆకు, మెత్తటి కట్టె పోగైన పంగల్లోనూ తొర్రల్లోనూ ఉన్నవే.

చీమను కేవలం దొంగగా రాసేస్తే అన్యాయమే అవుతుంది. 1986లో కోస్టారికాలో చేసిన ఒక అధ్యయనం, రెట్టల్లోంచి మర్రి జాతి గింజల్ని చీమలు వేరే చోట్లకు మోసుకెళ్లి వాటి పంపకాన్నే మార్చేస్తున్నాయని చూపింది. మన ఊళ్లలో నీడకోసం నాటే ఫైకస్ మైక్రోకార్పా గింజకు పైన చీమలు ఇష్టంగా తినే పొర ఒకటుంటుంది. చీమ ఆ పొర తిని, గట్టి గింజను పగులులోనో చెత్తకుప్పలోనో వదిలేస్తుంది. పిట్ట తెచ్చి కొమ్మ మీద వేస్తే చీమ ఆ కొమ్మ మీదే చెమ్మగల సందు చూపిస్తుంది. అదే గింజ పెద్దతల చీమకు దొరికితే పిండి అవుతుంది. ఏ చీమ ముందు వచ్చిందన్నదే ఇక్కడ లెక్క.

ఈ పొత్తు పరాకాష్ఠకు చేరింది అమెజాన్‌లో. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఊలె 1901లో అక్కడి చీమల తోటల్ని వర్ణించాడు. చీమలు మట్టి, పేడ, మొక్కల నార కలిపి కొమ్మలకు కట్టిన గూళ్లలోకి కొన్ని ప్రత్యేక జాతుల గింజల్ని తామే తెచ్చి గుచ్చుతాయి. మొక్కల వేళ్లు అల్లుకుని ఆ గూటిని వానకు చెదరకుండా పట్టి ఉంచుతాయి. అక్కడ గింజకు చీమ బెడదా లేదు, ఎండ బెడదా తక్కువే.

ఎండ

వాన వెలిశాక ఉత్త బెరడు కొన్ని గంటల్లో పొడిబారుతుంది. నేలమీద మొలకకు ఒక వారం వాన లేకపోయినా జానెడు లోతున చెమ్మ ఉంటుంది. కొమ్మ మీద ఆ లోతే లేదు. వానాకాలం నడిమధ్య కూడా నాలుగు రోజులు ఎండ కాస్తే కొమ్మ మీది మొలకకు అది కరవే. అందుకే వృక్షోపజీవుల విషయంలో ఏడాది మొత్తం ఎంత వాన పడిందన్నది పెద్దగా పనికిరాదు; రెండు వానల మధ్య ఎడం ఎంతన్నదే చూడాలి.

మొలక పరిమాణం దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. గెర్హార్డ్ జోట్జ్, పీటర్ హీట్జ్ తదితరులు 2001లో దీన్ని వివరించారు. మొక్క చిన్నదైనకొద్దీ దాని ఒంట్లో నిలవుండే నీటితో పోలిస్తే నీరు ఆవిరయ్యే పైతలం ఎక్కువ. పెద్ద మొక్క రెండు వారాలు తట్టుకునే ఎద్దడికి అదే జాతి పిల్ల మొక్క రెండు రోజుల్లో వడలిపోతుంది. ఎదిగిన మొక్కలు సాధారణంగా కొమ్మ విరిగో బెరడు ఊడో కిందపడి చస్తాయి. మొలకలు ఎక్కువగా ఎండకే చస్తాయి. పెద్ద మొక్క ఆకు కోసి కొలిచి ఆ జాతి కరవును ఎంత తట్టుకుంటుందో తేల్చేసే పాత పద్ధతి ఎందుకు దారి తప్పించిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫ్లోరిడాలో ఫైకస్ ఆరియా అనే మర్రి జాతి ఎక్కువగా సబాల్ తాటి జాతి మీద మొలుస్తుంది. వెనెజువెలా మైదానాల్లో నెలల తరబడి వాన ఉండదు. అక్కడా మర్రి జాతులకు కోపర్నీషియా అనే తాటి జాతే దిక్కు. రెండు చోట్లా కారణం ఒకటే. మట్ట ఎండి రాలినా దాని మొదలు కాండాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ సందులో దుమ్ము, పీచు, పిట్టల రెట్ట, చచ్చిన పురుగులు చేరి పిడికెడు ఎరువు తయారవుతుంది. ఫ్లోరిడా గింజల్ని పరీక్షించినప్పుడు, ఆధారంలోని తేమ కాస్త తగ్గినా మొలకెత్తడం పడిపోయింది. బెరడు మీద అంత తేమ నిలవదు, మట్ట మొదట్లో నిలుస్తుంది.

మొలిచాక కూడా మర్రి జాతి మొక్క కొమ్మ మీద ఉన్నంతకాలం ఆచితూచి బతుకుతుంది. ఆకులు మందంగా, పత్రరంధ్రాలు తక్కువగా ఉంటాయి. మధ్యాహ్నం రంధ్రాలు మూసుకుంటుంది. కొన్ని జాతుల మొలకల్లో కాండం అడుగు, వేరు కలిసి గడ్డలా ఊరి నీరు దాచుకుంటాయి. నర్సరీల్లో జిన్సెంగ్ బోన్సాయ్ పేరుతో అమ్మే మొక్కల లావుపాటి మొదళ్లు ఆ అలవాటు పుణ్యమే. అది ఫైకస్ మైక్రోకార్పానే. ఒక వేరు నేలను తాకిందంటే ఈ పొదుపు అక్కడితో సరి. కొత్త ఆకులు వేరే తీరున వస్తాయి, ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకుంటుంది.

దుమ్ములాంటి గింజలు, రెక్కల గింజలు

1888లోనే ఆండ్రియాస్ షింపర్ వృక్షోపజీవుల విత్తనాల్ని మూడు రకాలుగా గుర్తించాడు: కండగల కాయల్లో ఉండి జంతువులు మోసేవి, గాలికి ఎగిరే దుమ్ములాంటివి, ఎగరడానికి నూగో రెక్కో ఉన్నవి. విత్తనభక్షణ ఎక్కడ ఎంతన్నది చాలావరకు ఈ తేడాతోనే ముడిపడి ఉంది.

ఆర్కిడ్ గింజ దుమ్ము కోవకు చెందింది. అందులో అంకురచ్ఛదం ఉండదు; పట్టుకెళ్లి తినడానికి చీమకు ఏమీ దొరకదు. దాని నష్టం కాయలోనే జరిగిపోతుంది. జపాన్‌లో జపానాగ్రోమైజా టోకునాగాయ్ అనే ఈగ పిల్లలు ఆర్కిడ్ కాయల్ని లోపల తొలిచేసి గింజ పండకుండా చేస్తాయి. గాలికి ఎగిరిన గింజకు ఇంకో తంటా ఉంది. సొంత నిల్వ లేదు కాబట్టి తగిన శిలీంధ్రం దొరికి తిండి పెడితేనే మొలక ముందుకు సాగుతుంది. నోయెల్ బెర్నార్ 1899లో ఫ్రాన్స్‌లో దీన్ని కనిపెట్టాడు. అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో శిలీంధ్రం బదులు చక్కెర కలిపిన అగార్ మీద గింజలు మొలిపించి చూపాడు. నేటి ఆర్కిడ్ పరిశ్రమ అంతా ఆ చక్కెర మీదే లేచింది. చెట్టు మీద మాత్రం శిలీంధ్రానికీ తడి కావాలి. ఎండ ఇక్కడ రెండు దెబ్బలు కొడుతుంది: ఒకటి గింజ మీద, ఒకటి దాని పోషకుడి మీద.

నిలిచిన ఆర్కిడ్‌కు మంచి ఆయుధమే ఉంది. వాండా వేరు ఎండలో వెండిలా తెల్లగా కనిపిస్తుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి, కళ్ల ముందే ఆకుపచ్చకు తిరుగుతుంది. వెలామిన్ అనే పైపొరలోని చచ్చిన కణాలు గాలి బదులు నీటితో నిండి, కింద ఉన్న పచ్చని కణాలు బయటికి కనిపిస్తాయన్నమాట. తాగడానికి క్షణాలు చాలు, ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఈ పొర ఏర్పడే వేళ్లు రాకముందు, ఆవగింజంత ఆకుపచ్చ ఉండలా ఉన్న మొలకకు ఆ ఆయుధం లేదు.

అమెరికా ఖండపు బ్రొమీలియాడ్‌లలో చాలా జాతులది రెక్కల కోవ. టిలాండ్సియా గింజలకు పట్టులాంటి నూగు ఉంటుంది, గరుకు బెరడుకు ఇట్టే అతుక్కుంటాయి. కొన్ని జాతులు కరెంటు తీగల మీద కూడా పెరుగుతాయి. ఆసరా నుంచి అవి ఏమీ తీసుకోవనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆకుల మీది పొలుసులు నీటిని పీలుస్తాయి, పత్రరంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి. ఎదిగాక ఆకుల మధ్య నీళ్ల తొట్టి కట్టుకునే కొన్ని జాతులు పిల్లప్రాయంలో తొట్టి లేకుండా సన్నని ఆకులతో, పొలుసులు కప్పుకుని ఉంటాయి. చిన్న తొట్టిలో నీళ్లు నిలవవు గనుక ఈ వయసుకు ఈ రూపమే మేలు.

విత్తనాన్ని ముట్టకుండానే విత్తనాలు లేకుండా చేసే జీవికి ఫ్లోరిడాలో ఒక ఉదాహరణ ఉంది. మెక్సికో నుంచి చేరిన మెటామాసియస్ కాలిజోనా అనే ముక్కుపురుగును 1989లో అక్కడ తొలిసారి గుర్తించారు. దాని పిల్లలు టిలాండ్సియా యుట్రిక్యులాటా కాండాన్ని తొలిచేస్తాయి. ఆ మొక్క ఏళ్ల తరబడి పెరిగి ఒక్కసారే పూసి, గింజలు వదిలి చనిపోతుంది. పూత ముందు పురుగు పడితే ఆ మొక్క నుంచి ఒక్క గింజ కూడా రాదు. 2007లో ఈ పురుగు మీదికి పరాన్నజీవి ఈగను వదిలారు. గింజలు సేకరించి నర్సరీల్లో పెంచే పని కూడా సాగుతోంది.

ఫెర్న్‌లకు గింజలే లేవు కనుక విత్తన భక్షకుల ప్రసక్తి లేదు. కానీ వాటి సిద్ధబీజం నుంచి వచ్చే పలుచని తొలిదశలో ఫలదీకరణకు నీటిపొర తప్పనిసరి. ఎండకు కట్టే సుంకం వీటికి అక్కడ.

తెలుగు నేల మీద

తూర్పు కనుమల్లో పాడేరు, అరకు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు అడవుల్లో వాండా టెస్సెల్లాటా, అకాంపే ప్రీమోర్సా వంటి ఆర్కిడ్లు మామిడి మీద, గరుకు బెరడున్న ఇతర చెట్ల మీద కనిపిస్తాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది, ఆ పగుళ్లలో చెమ్మ కాసేపు నిలుస్తుంది. తెల్లమద్ది, జామ బెరడు పెచ్చులుగా ఊడిపోతుంది, వాటి మీద మొలకకు నిలకడ లేదు. డిసెంబరు నుంచి మే దాకా సాగే ఎండ రోజులు ఇక్కడ అసలు పరీక్ష. జూన్‌లో మొలిచింది నవంబరు లోపు ఎంత ఎదిగిందన్నదాని మీదే మరుసటి తొలకరి చూస్తుందో లేదో తేలుతుంది.

మైదానంలో ఈ కథ తాటిచెట్టు మీద నడుస్తుంది. కాండం చుట్టూ మట్టల మొదళ్లు మిగిలి ఉన్న తాటి మీదే మర్రి, రావి మొలవడం ఎక్కువ. గీత కార్మికులు ఏటా ఎక్కి మట్టలు చెక్కి శుభ్రం చేసిన తాటికి ఆ సందులుండవు, మర్రీ ఉండదు. ఈత మీదా ఇంతే. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పేరుమోసిన మహావటం కూడా మొదట ఈత జాతి చెట్టు మీదే మొలిచిందని చెప్పుకుంటారు.

ఎదిగిన మర్రికి కరవు లెక్కలేదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే పాత అనంతపురం జిల్లాలో, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఊడలు దిగిన చెట్టుకు నేల లోతుల్లో నీరు అందుతుంది. కొమ్మ మీది మర్రి మొలకకు అదే వాన సరిపోదు. అలాంటి చోట కొత్త మర్రి గోడ పగుల్లోనో, బావి రాతికట్టులోనో, కారే గొట్టం కిందో ఎక్కువగా కనిపించడం వింతేమీ కాదు. పాత గోపురాల సున్నం సందుల్లో రావి మొలవడానికీ కారణం ఇదే: చెట్టు పంగలో దొరికే చెమ్మ, మట్టి అక్కడా దొరుకుతాయి.

మారుతున్న వానలు

1998 తొలి నెలల్లో ఎల్ నినో కరవు బోర్నియోను తాకినప్పుడు, సరావాక్‌లోని లంబీర్ హిల్స్‌లో కొన్ని మేడి జాతులు కాయలు వేయడం ఆపేశాయి. కొద్దిరోజులే బతికే వాటి కందిరీగలు అక్కడ మాయమయ్యాయని రెట్ హారిసన్ నమోదు చేశాడు. ఆ జాతులు ఆడ, మగ చెట్లు వేరుగా ఉండేవి. అర్ధవృక్షోపజీవులైన మర్రి జాతులకు దీన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా కరవు మొలకనే కాదు, గింజ పుట్టుకనూ ఆపగలదని ఇది చూపింది.

కోస్టారికాలోని మోంటెవెర్డె మేఘారణ్యంలో నళిని నద్కర్ణి కొమ్మల మీది నాచు దుప్పటిని ఒలిచి, అది ఎలా తిరిగి వస్తుందో ఏళ్ల తరబడి గమనించింది. తొలి నాచు కొమ్మ నెత్తిన రాలేదు, అడుగుభాగాన వచ్చింది. పైన ఎండ, అడుగున చెమ్మ. విత్తనాలు పట్టి ఉంచే ఆ దుప్పటి ఒకసారి పోతే తిరిగి ఏర్పడటం చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఆమె, రోడ్రిగో సొలానోతో కలిసి 2002లో ప్రచురించిన మరో ప్రయోగంలో మొక్కల్ని మేఘాలు తక్కువగా తాకే దిగువ ఎత్తులకు మార్చి కట్టారు. అక్కడ ఆకులు ముందే రాలాయి, మొక్కల ఆయుష్షు తగ్గింది.

అడవిలో ఆర్కిడ్లను తిరిగి నిలబెట్టే పనుల్లో ఈ పాఠాలు వాడుకలోకి వచ్చాయి. గింజ చల్లడం వల్ల ఒరిగేది తక్కువ కాబట్టి, సీసాల్లో మొలిపించి, ముదిరిన వేళ్లు నాలుగైదు వచ్చిన మొక్కల్నే తీసుకుంటారు. ఎండ నేరుగా పడని గరుకు కొమ్మ చూసి, వేళ్ల కింద కాస్త నాచు పెట్టి కొబ్బరి పీచుతో కడతారు. తొలకరి మొదటి జల్లుకే తొందరపడరు. వానలు కుదురుకుని బెరడు బాగా నానాకే కడతారు. వేళ్లు బెరడును పట్టుకోవడానికి వానాకాలం నెలలన్నీ కావాలి.